అద్దములోని లారీ

సంస్కృతమున అద్దమును దర్పణ మందురు. దర్పమును కలిగించునది కనుక ఆ పేరు. నా దర్పమును హరించిన యద్దము మాత్రము నా స్కూటరు కుడిపిడికి బిగించిన గుండ్రని చిన్న అద్దము.

గత మాఘమాసమున నొక సాయంకాలము నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని, మా జహీరాబాదు మీదుగా హైదరాబాదునుండి ముంబయి పోవు రహదారిపై వచ్చుచుంటిని. కుడివైపు సందులోనికి తిరుగవలసి యుండెను. అద్దమున చూడగా లారీ యొకటి అగ్గిపెట్టె యంత కనబడెను. చాల దూరమున నున్నదని తలచి బండి త్రిప్పబోతిని. ఆమె కేక వేయకున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు నేనుండెడివాడను కాను. బండి నాపితిని, లారీ జానెడు దూరమున దూసికొనిపోయెను.

ఇంటికి వచ్చిన పిదప ఆమె యడిగినది: "ఏమండీ, దగ్గరున్న లారీ అంత చిన్నగా ఎందుకు కనబడ్డది?"

"కుంభాకార దర్పణము మిథ్యయు, నిటారైనదియు, చిన్నదియు నగు బింబము నిచ్చును" అని ఇరువదియేండ్లుగా పిల్లలచే వల్లె వేయించిన వాక్యమునే అప్పగించితిని.

"అది పుస్తకంలో మాట. దూరమున్నట్టు ఎందుకు తోచిందో చెప్పండి."

ఆమె చదువు అయిదవ తరగతితో ఆగినది. ఆపినవారు పెద్దలు, ఆ పిదప సాగింపని వాడను నేను. నాకు జవాబు తోచలేదు.

ఆ రాత్రి వంటింటి స్టీలు గరిటెతో పరీక్షకు కూర్చుంటిమి. వెలుపలి వంక ముఖము నెప్పుడును చిన్నదిగనే చూపెను. లోపలి వంక ముఖమును తలక్రిందులు చేసెను. కాని వ్రేలికొనను బాగుగ దగ్గరకు చేర్చగా అది నిటారుగ, లావుగ కనబడెను. గడ్డము గీసికొను పెద్దద్దము రహస్య మిదియే: దాని వంపు స్వల్పము, నాభి దూరము, ముఖము ఆ నాభికి లోపలనే యుండును.

పిదప కాగితముపై లెక్క వేసితిమి. స్కూటరద్దపు నాభ్యంతరము 60 సెంటీమీటర్లనియు, కన్ను దానికి అంతే దూరమున నున్నదనియు అనుకొందము. అప్పుడు వెనుకనున్న లారీ, చదునైన అద్దములో కనబడుదానిలో సగమే కనబడును. బింబము నిజముగ అద్దమునకు వెనుక 60 సెంటీమీటర్లలోపుననే యున్నది. కాని మనస్సు దూరమును పరిమాణమునుబట్టి ఊహించును గాన, 30 మీటర్ల లారీ 60 మీటర్లలో నున్నట్లు తోచును. కార్ల అద్దములపై ఈ హెచ్చరిక ఆంగ్లమున నుండుట నేనెన్నిమార్లో చదివితిని. చదువుట వేరు.

కావున పెద్దది, చిన్నది యనునది కంటివద్ద ఏర్పడు కోణమును గూర్చిన మాట. కంటికి హాయిగ అందు దూరము సుమారు 25 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల నాభ్యంతరముగల భూతద్దము అక్షరమును 5 సెంటీమీటర్ల దూరమున నుంచియు స్పష్టముగ చూడనిచ్చును, కనుక అయిదింతలు. ఇట్టి పెంపునే రెండు మెట్లుగ చేయునది సూక్ష్మదర్శిని. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని చూచినది దానితోనే.

ఇప్పుడు మలుపు వచ్చినప్పుడెల్ల ఆమె వెనుకకు తిరిగి చూచి "ఇగ పోనియ్యండి" అనును. అంతవరకు నేను బండి త్రిప్పను.