ఉప్పు తిన్న బండి

మన సంఘం పిక్నిక్కుల్లో డాక్టర్ల చుట్టూ చేరేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం మోకాలి నెప్పి గురించి అడుగుతారు. రెండో రకం ఈ మధ్య ఎక్కువయ్యారు: "ఏమండీ డాక్టరుగారూ, ఆ పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి పాతది కొన్నారటగా! ఎన్నాళ్ళు మన్నుతుందంటారు?" మోకాలికైతే నిలబడి జవాబు చెప్పేయొచ్చు గాని బండికి కూర్చుని రాయాలి. అందుకని ఈ నాలుగు ముక్కలూ.

గ్వెల్ఫులో నేను ఫ్యామిలీ డాక్టర్ని. నెలలో కొన్ని రాత్రులు ఊరికి ఉత్తరాన ఒక చిన్న ఆస్పత్రిలో డ్యూటీ. వేసవిలో అరగంట దారి. జనవరిలో పొలాల మీదుగా గాలి వీచి, మంచు లేచి రోడ్డుకి అడ్డంగా కొట్టుకొస్తుంటే, ముందు బండి ఎర్రదీపాలు కూడా కనబడవు. అలాంటి రాత్రి దారిలో బండి ఆగిపోయిందంటే అక్కడ ఊపిరాడక కూర్చున్న ముసలాయనకి నేను ఏం చెప్పను? మిగతా రోజుల్లో ఆ బండిలోనే నా పిల్లలిద్దరూ కూర్చుంటారు. పోనీ కొత్తది కొందామంటే, ఇక్కడి పరీక్షలకీ, రెసిడెన్సీ దొరికేదాకా గడిపిన ఏళ్ళకీ చేసిన అప్పు ఇంకా తీరలేదు. "చిన్నదైనా కొత్తది కొనుక్కో, నిశ్చింత" అన్నారు మావారు. ఒంగోలు నుంచి మా నాన్నగారు మాత్రం ఫోనులో, "పాతదైతేనేం తల్లీ, పళ్ళు చూసి కొనుక్కో" అన్నారు.

నాన్నగారు ప్రకాశం జిల్లాలో పశువైద్యుడిగా చేసి రిటైరయ్యారు. సంతలో ఎడ్లు కొనే రైతులు ఆయన్ని వెంటబెట్టుకుపోయేవారు. పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది. గిట్టలు చూస్తే నడక తెలుస్తుంది. మెడ తడిమితే ఎంత కాడి మోసిందో తెలుస్తుంది. ఇవన్నీ అయ్యాక ఆయన అసలు ప్రశ్న అడిగేవారు: "ఇది ఎవరి కొట్టంలో పెరిగింది?" దానికి సరైన జవాబు రాకపోతే, ఎద్దు ఎంత నిగనిగలాడుతున్నా తుండుగుడ్డ కింద చెయ్యి కలపనిచ్చేవారు కాదు.

ఈ ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల పుట్టుక చూస్తే వాటి జబ్బులు సగం అర్థమవుతాయి. 1948లో వచ్చిన లాండ్ రోవర్ పొలం పనికి పుట్టిన బండి. 1970లో రేంజ్ రోవర్ వచ్చినప్పుడు కూడా, బురదకాళ్ళతో ఎక్కి తర్వాత లోపల నీళ్ళు కొట్టి కడుక్కునేలా చేశారు. తోలు సీట్లూ, గాలితిత్తుల సస్పెన్షనూ, మీటనొక్కితే కదిలే సవాలక్ష మోటార్లూ తర్వాత వచ్చి చేరినవి. అంటే ఇది ఎద్దు మీద కట్టిన పల్లకీ అన్నమాట. బరువు లాగడానికి చేసిన ఇంజనూ, ఇరుసులూ, చట్రమూ నూనె మారుస్తూ ఉంటే చాలాకాలం నిలుస్తాయి. ముందు విరిగేది పల్లకీ. గాలితిత్తి రబ్బరు చలికి బీటలు వారుతుంది. సన్నగా గాలి పోతుంటే, దాన్ని నింపడానికి కంప్రెసరు రాత్రింబవళ్ళు ఆయాసపడి చివరకు అదీ పోతుంది. మా వైద్యంలో ఒక అవయవం తప్పితే ఇంకోటి దాని పని నెత్తినేసుకుని కూలబడటం లాంటిదే ఇదీ.

ఇంకో సంగతి. బండి ఖరీదు ఏటేటా దిగుతుంది గాని, దాని విడిభాగాల ఖరీదు ఆ లెక్కన దిగదు. కొత్తలో 90,000 డాలర్ల బండిని 22,000కి తెచ్చుకున్నా, పాడైన ముక్క మాత్రం 90,000 డాలర్ల బండి ముక్కే. ఏనుగు చవగ్గా దొరికిందని దాని మేత చవగ్గా దొరుకుతుందా?

"మంచి కంపెనీ చూసుకుంటే సరిపోతుంది కదండీ" అంటారు చాలామంది. కంపెనీ పేరుకి విలువ లేదనను. కాని జె.డి. పవర్ సంస్థ ఏటా ప్రకటించే మన్నిక జాబితా ఉంది చూశారూ, అది మూడేళ్ళ వయసు బండ్ల మీద, నూటికి ఎన్ని ఇబ్బందులు వచ్చాయని వేసిన లెక్క. మనలాంటివాళ్ళు కొనేది ఎనిమిదేళ్ళదో తొమ్మిదేళ్ళదో. అదీగాక, అలాంటి లెక్కలు గుంపుకి చెల్లుతాయి. ఫలానా క్యాన్సరుకి ఐదేళ్ళు బతికేవాళ్ళు నూటికి ఇంతమంది అని పుస్తకంలో ఉంటుంది గాని, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నామె అందులో ఏ వైపో పుస్తకంలో ఉండదు. ఆమె సంగతి తెలియాలంటే ఆమె కేసు షీటు చదవాలి.

ఈ దేశంలో బండి కేసు షీటులో మొదటి పేజీ ఉప్పుది. గ్వెల్ఫుకి పడమరగా హ్యూరాన్ సరస్సు ఒడ్డున గాడ్‌రిచ్ అనే ఊరుంది. 1866లో అక్కడ చమురు కోసం తవ్వితే ఉప్పు పడింది. ఈనాడు అక్కడ సరస్సు కింద సుమారు 550 మీటర్ల లోతున ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని. చలికాలమంతా మన రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరిగి, ఆ ఉప్పునీరు బండి అడుగున ఇనుప గొట్టాలకీ, బోల్టులకీ పట్టుకుంటుంది. మన పక్కనే కేంబ్రిడ్జిలో టొయోటా వారి కర్మాగారం 1988 నుంచీ ఉంది, 2003లో జపాను బయట మొట్టమొదటి లెక్సస్ బండి అక్కడే తయారైంది. ఇంటి పక్కన పుట్టినా సరే, ఉప్పు ఎవరినీ విడిచిపెట్టదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు చూడండి, బండికీ అంతే. చలికాలంలో పదిహేను రోజులకోసారైనా అడుగుభాగం కడిగించాలి. మంచు ముద్దలతో తెచ్చి వెచ్చటి గరాజులో పెడితే ఇంకా చేటు, వెచ్చదనంలో తుప్పు మరింత తొందరగా పనిచేస్తుంది.

ఇక నా బండి కథ. కంపెనీ పేరు రాయను. రాస్తే ప్రచారమో నిందో అవుతుంది. నేను చూసిన మొదటిది ఒక డీలరు దగ్గర అద్దంలా మెరిసిపోతోంది. మంచి పేరున్న కంపెనీది, తిరిగిన కిలోమీటర్లు తక్కువ. రిపేరు కాగితాలేవీ అంటే ఆయన నవ్వి, "సేఫ్టీ సర్టిఫికెట్టు ఇస్తాంగా" అన్నాడు. ఒంటారియోలో ఆ సర్టిఫికెట్టు 36 రోజులు చెల్లుతుంది. పరీక్షించిన రోజున చట్టం అడిగే కనీస ప్రమాణాలు ఉన్నాయని చెబుతుందే తప్ప రేపటికి పూచీ పడదు. నా తరఫున వచ్చిన మెకానిక్కు బండిని పైకెత్తి చూస్తే, తుప్పు మీద కొత్తగా కొట్టిన నల్లరంగు కనబడింది. దండం పెట్టి వచ్చేశాను.

రెండోది ఒక రిటైరైన రైతుది. తొమ్మిదేళ్ళ బండి, 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. తలుపు మీద గీతలు, సీటు మీద కుక్క గోళ్ళ గుర్తులు. ప్రభుత్వం ఇచ్చే యూజ్డ్ వెహికిల్ ఇన్ఫర్మేషన్ ప్యాకేజీ, చట్టప్రకారం అమ్మేవాళ్ళు ఇవ్వవలసింది, ముందే తెచ్చి పెట్టాడు. దానితోపాటు ఒక అట్టపెట్టె. అందులో తొమ్మిదేళ్ళ రసీదులు, ఒక నోటుపుస్తకం. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ఇంజను ఆయిలు మార్చినట్టు పెన్సిలుతో తారీఖులు. జన్మకి మార్చనక్కర్లేదని కంపెనీలు చెప్పే గేరుబాక్సు ఆయిలు కూడా రెండుసార్లు మార్పించాడు. ఇంత శుభ్రమైన కేసు షీటు మా క్లినిక్కులో కూడా అరుదు సుమండీ!

నాలుగు చలికాలాలు గడిచాయి. ముందు గాలితిత్తులు రెండూ పోయాయి. వాటర్ పంపు, బ్యాటరీ, తుప్పు పట్టిన బ్రేకు గొట్టం, నాలుగు టైర్లు మార్చాను. మొత్తం 9,400 డాలర్లు, నెలకి సగటున 195 పైచిలుకు. టైర్లు నాలుగూ ఒకేసారి మార్చడం దుబారా కాదు. అరిగినదీ కొత్తదీ కలిపితే చుట్టుకొలత తేడా వచ్చి, నాలుగు చక్రాలకీ బలం పంచే గేర్ల మీద భారం పడుతుంది. ఇంకొకటి, నాలుగు చక్రాలూ తిరగడం బండిని కదిలిస్తుందే గాని ఆపదు. మంచులో ఆపేది చలికాలపు టైర్లే. ఆ టైర్లు లేని పెద్ద బండ్లు హైవే పక్క గోతుల్లో పడి ఉండటం మీరూ చూసే ఉంటారు. ఈ నాలుగేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఆస్పత్రికి ఆలస్యంగా చేరలేదు.

రెండేళ్ళ కిందట వేసవిలో నాన్నగారు వచ్చారు. 1862లో టొరంటోలో మొదలై 1922లో గ్వెల్ఫుకి వచ్చిన ఒంటారియో వెటర్నరీ కాలేజీ చూడాలని ఆయన చిరకాలపు కోరిక. అది చూసి వచ్చిన సాయంత్రం, మోకాళ్ళ మీద వంగి బండి అడుగున టార్చిలైటు వేసి చూశారు. అట్టపెట్టెలో కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. "పెంచినవాడు రైతే" అన్నారు. తర్వాత, "ఇంకా ఎన్నాళ్ళు వస్తుందమ్మా ఇది?" అన్నారు.

"ఇలాగే చూసుకుంటే ఆరేడేళ్ళు వస్తుంది నాన్నా" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఆరేడేళ్ళంటే నాకు ఎనభై దాటుతాయి" అన్నారు. రెసిడెన్సీ కాగానే వచ్చేస్తామని మేము చెప్పిన మాట ఇద్దరికీ గుర్తే, ఇద్దరమూ ఎత్తలేదు. "సరే అయితే, తుప్పు పట్టకుండా చూసుకో" అని లోపలికి వెళ్ళిపోయారు.

మనలో చాలామందిమి రెండేళ్ళ మాట చెప్పి వచ్చినవాళ్ళమే. ఇల్లు కొన్నప్పుడు ఏదో సర్దిచెప్పుకుంటాం, ఎప్పుడైనా అమ్ముకోవచ్చని. పాత బండికి అలా కుదరదు. ఎన్నాళ్ళు నడుపుతామో లెక్క చూసుకోకపోతే దానికి ఏది మార్పించాలో, ఏది వదిలేయాలో తేలదు. ఆ లెక్క వేసినప్పుడే మేము ఇక్కడ ఎన్నాళ్ళుంటామో నాకు తెలిసింది.

కొనదలచినవారికి నా సలహా ఒక్కటే. మెరుపు చూడకండి, కాగితాలు చూడండి. కాగితాలు లేకపోతే ఎంత చవకైనా వద్దు. బండి ధరలో ఐదోవంతు రిపేర్లకి వేరే దాచి ఉంచుకోండి. మీ చేతికి వచ్చాక ఆ పుస్తకం ఆపకండి. మీ తర్వాత కొనేవాళ్ళకి మీరే ఆ రైతు.

పోయిన అక్టోబరులో బండి అడుగున తుప్పు పట్టకుండా నూనె కొట్టించి, ఆ పాత పుస్తకంలోనే పెన్సిలు రాతల కింద 2,41,300 అని రాశాను. నాన్నగారికి ఫోనులో చెబితే, "అంతకుముందు ఏడాది ఎంత?" అని అడిగారు.