టైరు పెద్దదైతే సరా?

చెప్పుల కొట్టుకెళ్తే ముందు నంబరు అడుగుతారు. చొక్కా కొంటే కాలరు కొలత చూసుకుంటాం. బండికి టైరు కొనేటప్పుడు మాత్రం చాలామంది చూసేవి రెండే... ధర, గీతల లోతు. ఆ నల్ల రబ్బరు పక్కన వరసగా అచ్చేసి ఉండే అంకెల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బండి ఎంత మోయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పేవి మాత్రం ఆ అంకెలే.

నాకీ విద్య ఒంటబట్టింది మా బావ పుణ్యమా అని. వాళ్లది మదనపల్లె దగ్గర ఓ పల్లె. అప్పు చేసి పికప్ కొన్నాడు. సీజనొస్తే చుట్టుపక్కల తోటల్లో కోసిన టమోటా అంతా ఆ బండిలోనే యార్డుకు చేరాలి. రేటు బాగుంటే చిత్తూరు వైపూ వెళ్తాడు. తోటల దగ్గర మట్టిదారి, పలమనేరు దాటాక మొగిలి ఘాట్... బండికి అన్నీ పరీక్షలే. పోయిన సీజను ముందు టైర్లు అరిగిపోయాయి. ‘ఈసారి పెద్ద టైర్లు ఏపిస్తా బామ్మర్దీ, ఆల్ టెర్రైన్‌వి. బండి ఎత్తు లేస్తాది, ఇంకో పది క్రేట్లు ఎక్కువ ఎత్తచ్చు’ అని ఫోన్ చేశాడు. ఆ వెనకే మా అక్క ఫోను. ‘సెలవులొస్తే పిల్లోడు కూడా వాళ్ల నాయన పక్కనే కూచుని పోతాండాడు. నువ్వొచ్చి ఒకసారి చూడు నాయనా’ అంది. నిరుడు వాళ్ల ఊరి బండే ఒకటి వెనక టైరు పేలి ఘాట్‌లో పక్కకు ఒరిగింది. మనుషులకేం కాలేదు కానీ ఆ భయం ఆమెకింకా పోలేదు.

ఆదివారం వెళ్లాను. ముందు పాత టైరు దగ్గర కూచున్నాం. దాని మీద 215/75 ఆర్ 15 అని ఉంది. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 75 శాతమని. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము సైజు, అంగుళాల్లో. ఇంతవరకూ బావకూ తెలుసు. ఆ పక్కనే 106/103 క్యూ అని ఉంది. ‘అదేదో కంపెనీ నంబరులే’ అన్నాడు. అసలు సంగతంతా అందులోనే ఉంది. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. ఇది నేరుగా కిలోలు కాదు, పట్టికలో చూసుకోవాల్సిన అంకె. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. 105 అంటే 925, 106 అంటే 950, 109 అంటే 1,030. గీత తర్వాతి 103 వెనక పక్కకు రెండేసి చక్రాలుండే బండ్లకు. అప్పుడు ఒక్కో టైరు మోసేది 875 కిలోలే. చివరి క్యూ అక్షరం వేగానిది, గంటకు 160 కిలోమీటర్ల వరకు అని.

తర్వాత టైర్ల కొట్టుకెళ్లాం. బావ ముచ్చటపడింది 235/75 ఆర్ 15. గళ్లు గళ్లుగా, దిట్టంగా ఉంది. చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. పక్కన అంకె చూస్తే... 105! అంటే 925 కిలోలు. లావుగా, ఎత్తుగా ఉన్న కొత్త టైరు పాతదానికన్నా 25 కిలోలు తక్కువ మోస్తుందన్నమాట. ఎందుకంటే అది కార్లు, ఎస్‌యూవీల కోసం చేసిన రకం. పాతది సరుకు బండ్లకు చేసిన ఎనిమిది ప్లై టైరు. బరువు మోయడానికి లావొక్కటే చాలదు. లోపలి కట్టుబడి, అందులో పట్టే గాలి కూడా చూడాలి. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

సైజు లెక్కా వేశాం. పాత టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, కొత్తది 733. తేడా 30. అందులో సగమే, అంటే ఒకటిన్నర సెంటీమీటరే బండి లేచేది. దానికి బదులు మనం ఇచ్చుకునేది చాలా ఉంది. చక్రం పెద్దదైతే ఇంజను లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. బ్రేకు మీద భారం పెరుగుతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. లోడు మీద కమాన్ కట్టలు కుంగినప్పుడు మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదమూ ఉంది. చట్టం మాటకొస్తే, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

‘అయితే లోడు సంగతి తేలుద్దాం పద’ అని కాటాకు తీసుకెళ్లాను. బావ ఎప్పుడూ వేసే 65 క్రేట్లతోనే. బండి మొత్తం ఎక్కించి ఓసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఓసారి తూకం వేయించాం. వెనక చక్రాల మీద 1,960 కిలోలు. అంటే ఒక్కో టైరు మీద 980. పాత టైరు హద్దు 950! ఆర్‌సీలో లేడెన్ బరువులోంచి అన్‌లేడెన్ తీసేస్తే మిగిలేది 1,500 కిలోలు, డ్రైవరుతో కలిపి. క్రేటుతో సహా 26 కిలోల లెక్కన 55 క్రేట్లకే అది నిండిపోతుంది. అంటే బావ ఇంతకాలం పది క్రేట్లు అదనంగా మోస్తున్నాడు. ఇప్పుడు ఇంకో పది అంటున్నాడు.

దానికి తోడు ఇంకో అలవాటుంది. ఖాళీగా వచ్చేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతోందని గాలి తగ్గిస్తాడు. టైరు మీద రాసిన బరువు దానికి తగ్గ గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ నలుగుతుంది, వేడెక్కుతుంది. ఎండాకాలం, తారురోడ్డు, లోడు తోడైతే చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఇదో పెద్ద పాఠమైంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. పరుగులో ఉండగానే పై పొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. 271 మరణాలకు ఈ టైర్లతో సంబంధం ఉందని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క తేల్చింది. వాటిలో ఎక్కువ మా బావ ముచ్చటపడిన 235/75 ఆర్ 15 సైజువే. సైజుది తప్పని కాదు. టైరులో లోపానికి తక్కువ గాలి, వేడి, బరువు తోడైతే ఏమవుతుందో చెప్పడానికే ఈ మాట. ఆ తర్వాతే అక్కడ కొత్త బండ్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

ఇదంతా విన్నాక బావ అడిగింది ఒక్కటే. ‘మిగిలిన పది క్రేట్లు ఏం చేయాల? తోట కాడ్నే వదిలి రావాల్నా?’ నిజమే. కాయ కోశాక ఆగదు. 2023 జులైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటిన రోజులు చూశాం, కిలో రెండు మూడు రూపాయలకు కూడా అడిగే నాథుడు లేక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం. రేటున్న రోజు క్రేటు వదిలేయడమంటే రైతు ప్రాణం ఒప్పుకోదు.

కాగితం మీద లెక్క వేశాం. బావకు క్రేటుకు బాడుగ 20 రూపాయలు. పది క్రేట్లకు 200. 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఒక్కసారి దొరికితే వంద ట్రిప్పుల అదనపు బాడుగ ఎగిరిపోతుంది. టైరు పేలితే ఆ లెక్క రాయడానికి కాగితం చాలదు. అక్క పక్కనే నిలబడి వింటోంది, ఏమీ అనలేదు.

చివరికి పాత సైజులోనే ఆల్ టెర్రైన్ గీతలున్న, ఎనిమిది ప్లై, 106 అంకె ఉన్న టైర్లు నాలుగూ ఒకే రకం తీసుకున్నాం. మట్టిలో పట్టు కావాలన్న బావ కోరిక అలా తీరింది. తారు మీద కాస్త మోత ఎక్కువ, డీజిలూ కొంచెం ఎక్కువే తాగుతుంది. కొనేముందు టైరు మీద నాలుగంకెల తయారీ తేదీ చూశాం. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. స్టెప్నీ కూడా అదే సైజుది. లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే మార్చక తప్పదని పిల్లోడికి గీతల మధ్య గుర్తు చూపించాను.

ఇప్పుడు బావ తలుపు లోపలివైపు పెయింటుతో రెండంకెలు రాసుకున్నాడు. ఒకటి చల్లటి టైరులో ఉండాల్సిన గాలి, రెండోది 55. సీజన్లో మిగిలిన క్రేట్ల కోసం రెండో ట్రిప్పు వేస్తున్నాడు. అందుకు తెల్లవారుజామున మూడింటికే లేవాల్సి వస్తోంది. ‘నీ లెక్కలు నా నిద్ర తినేశాయి బామ్మర్దీ’ అని మొన్న ఫోన్‌లో విసుక్కున్నాడు. అక్క మాత్రం ఈ మధ్య నిశ్చింతగా నిద్రపోతోందట.