బిర్యానీ ప్లేటు, 40 శాతం ఛాన్స్

"శాట్ ఎంతమ్మా?"
"1540 అంకుల్."
"ఇంకేం! స్టాన్‌ఫోర్డ్‌కి 40 శాతం ఛాన్స్."

నిన్న టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక బర్త్‌డే పార్టీలో విన్నా. ఆ 40 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన చేతిలోని బిర్యానీకే తెలియాలి.

ఐఐటీలకైతే సీట్లు కేటాయించే జోసా వాళ్లు ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో రౌండు రౌండుకీ పెడతారు. ర్యాంకు చెబితే సీటు దాదాపు చెప్పేయొచ్చు. ఆ అలవాటే ఇక్కడికీ మోసుకొచ్చాం.

స్టాన్‌ఫోర్డ్ నూటికి నలుగుర్ని కూడా తీసుకోదు. అందులోనూ ఆటల కోసం ముందే ఎంచుకున్నవాళ్లుంటారు. మిగతావాళ్లకి వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు, ఆ ఏడాది యూనివర్సిటీకి ఎలాంటివాళ్లు కావాలో అదీ చూస్తారు.
1540 ఉన్నవాళ్లు ఎంతమంది వెనక్కొస్తారో!

పిల్ల నవ్వి ఊరుకుంది.
వాళ్లమ్మ మొహంలో మాత్రం ఆ 40 అప్పుడే సీటయిపోయింది. నాకు అదే భయమేసింది. మార్చిలో రిజల్ట్ వచ్చేసరికి ఆ అంకుల్ ఉండడు, ఆ 40 ఉంటుంది.

నిజంగా రాసిపెట్టిన లెక్క టెక్సస్‌లో ఒకటుంది: హైస్కూల్ క్లాసులో టాప్ 5 శాతంలో ఉంటే యూటీ ఆస్టిన్‌లో అడ్మిషన్ ఖాయం. కోరుకున్న మేజర్‌కి అదీ గ్యారంటీ కాదు.

మీ ఊళ్లో శాతాలు పంచే అంకుల్ ఎవరు? పేర్లొద్దు, ఎంత ఇచ్చాడో చెప్పండి చాలు 😄