బనియను ఖరీదు

మొన్న సంక్రాంతికి మనవడికి ఒక ఎర్ర బనియను కొన్నాను. తిరుప్పూరు సరుకు, 120 రూపాయలు. చవకగా దొరికిందని సంతోషపడుతూ ఇంటికి తెచ్చాను. ఆ రాత్రే పాత పెట్టె సర్దుతుంటే నాయన లెక్కల పుస్తకం కనబడింది. తిరగేస్తుంటే, నేను కొన్న బనియనుకు అసలు ఖరీదు అందులో రాసి ఉందనిపించింది.

మాది చెన్నిమల దగ్గర, ఒరత్తుపాళయం ఆనకట్ట కిందనున్న పల్లె. మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాయన మాత్రం తాత నేర్పిన తెలుగు అక్షరాల్లోనే లెక్క రాసేవాడు. వెళ్ళియంగిరి కొండల్లో పుట్టిన నొయ్యల్ నది కోయంబత్తూరు, తిరుప్పూరు దాటి, మా వైపుగా వచ్చి కావేరిలో కలుస్తుంది. 1992లో ఆనకట్ట పూర్తయినప్పుడు సుమారు 10,000 ఎకరాలు పారుతాయన్నారు. నాయన వెళ్ళి టెంకాయ కొట్టి వచ్చాడు.

నాలుగేళ్ళు తిరక్కుండానే పుస్తకంలో కొత్త పద్దులు మొదలయ్యాయి. ‘తాగే నీళ్ళ బండికి – 15.’ ‘బావి లోతు తీయించినందుకు – 4,200.’ ‘ఎండిన కొబ్బరిచెట్లు కొట్టిన కూలి – 600.’ మా బావి నీళ్ళతో పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ వచ్చేది కాదు. మడి ఆరితే తెల్లటి పొర తేలేది. చివరికి కొబ్బరినీళ్ళు కూడా ఉప్పగా తగిలాయి.

ఆ ఉప్పు ఎక్కడిదో నాకు తెలుసు. మా బావకు తిరుప్పూరులో అద్దకం పట్టడ ఉండేది. సెలవులకు అక్కడికి పోయేవాణ్ణి. ముదురు రంగు వేయాలంటే లీటరు నీళ్ళకు 60 నుంచి 80 గ్రాముల దాకా ఉప్పు పోసేవారు. సముద్రపు నీళ్ళలో ఉండేదే లీటరుకు సుమారు 35 గ్రాములు. “ఉప్పు లేకుంటే రంగు నూలుకు పట్టదురా. రంగును గుడ్డలోకి తోసి, తాను నీళ్ళలోనే ఉండిపోతుంది,” అని చెప్పేవాడు బావ. ఆ నీళ్ళు కాలవలోకి, కాలవ నొయ్యల్‌లోకి. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అవి రంగును చాలావరకు విరిచాయి గాని, కరిగిన ఉప్పును ఏమీ చేయలేకపోయాయి.

బావను తప్పుపట్టి చేయి దులుపుకోవచ్చు. కాని అదే పుస్తకం వెనక్కి తిప్పితే, 1986లో ఒక పద్దు ఉంది: ‘అల్లుడు పంపినది – 1,500. చిన్నవాడి కాలేజీ ఫీజు.’ ఆ చిన్నవాణ్ణి నేనే. నా చదువుకూ మా బావి చెడడానికీ కారణం ఒకే తొట్టి.

1998లో ఊరివాళ్ళు అర్జీ రాసి సంతకాలకు వచ్చారు. నాయన కలం తీసుకున్నాడు. నేనే ఆపాను. “అక్క సంసారం ఏమవుతుంది నాయనా?” అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, కలం తిరిగి ఇచ్చేశాడు. తరువాత ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. అయిదేళ్ళకు ఆయన పోయాడు. అప్పటికి మా తోటలో మిగిలినవి తుమ్మలే.

దిగువ రైతులు కోర్టులకు తిరిగి తిరిగి అలసిపోయారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, మురికినీరు చుక్క కూడా బయటికి వదలకుండా ఏర్పాటు చేసుకునేదాకా అద్దకం పట్టడలు మూసేయమంది. వేలమంది కూలీలకు పని పోయింది. బావ అప్పులకు పట్టడ అమ్ముకున్నాడు. నేను కాపాడాలనుకున్న సంసారమూ దెబ్బతింది. ఇప్పుడు నీటిని వడగట్టి, కాచి, మళ్ళీ వాడుకుంటున్నారు. ఇది నిజంగా మేలే. అయినా కాచడానికి మంట కావాలి. వేరుచేయ వీలుకాని ఉప్పు ముద్ద చివర మిగులుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట దాచాలి. ఏదీ పూర్తిగా మాయం కాదు.

బనియన్లు మానేయమని చెప్పడానికి నేనెవర్ని? నా ఒంటిమీదా ఒకటి ఉంది. నాయన ఒక్కొక్కటి చిరిగేదాకా తొడిగి, ఆపైన ఎద్దులు తుడిచేందుకు వాడేవాడు. అప్పుడది పిసినారితనం అనుకున్నాను. ఇప్పుడు అంగట్లో ఏదైనా మరీ చవకగా కనబడితే, మిగతా డబ్బు ఎవరు కట్టారో అని ఆలోచన వస్తోంది. మా ఇంట్లోనయితే నాయన కట్టాడు, పైసాతో సహా రాసిపెట్టాడు.

ఆనాడు ఆయనచేత పెట్టనివ్వని సంతకం, ఆలస్యంగానైనా, ఈ నాలుగు మాటల కింద నేను పెడుతున్నాను.