ఆరు గంటల ఇరవై నిమిషాలు

మా అపార్ట్‌మెంట్లో నాకు వెనకాల ఒక పేరుంది... 'గ్యాస్ ట్యూబు తాతగారు' అని. ఎవరైనా కాఫీకి పిలిస్తే ముందు వంటింట్లోకి తొంగిచూసి, సిలిండర్ ట్యూబు మీద అచ్చేసిన సంవత్సరం చదువుతాను. అయిదేళ్లు దాటితే మార్చేయమంటాను. "ఎక్కడా పగల్లేదండీ, బాగానే ఉందిగా" అంటారు వాళ్లు. "బాగున్నప్పుడే మార్చాలమ్మా" అంటాను నేను. ఇంటికొచ్చాక మా ఆవిడ చేత చీవాట్లు తింటాను.

ముప్ఫయ్యేళ్లకు పైగా హెలికాప్టర్ల దగ్గర పనిచేసినవాడికి అంటుకున్న జబ్బు ఇది. ఈ వయసులో కుదిరేది కాదు.

నిజానికి ఈ జబ్బుకు మూలం మా నాన్న. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఏటా కోటప్పకొండ తిరునాళ్లకు బండి కట్టే ముందు నాన్న రెండు చక్రాలకూ కడచీలలు కొత్తవి వేయించేవాడు. ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా పట్టి ఉంచే చిన్న ఇనప మేకు అది. "పాతవి గట్టిగానే ఉన్నాయిగా నాన్నా" అని అడిగితే, "చక్రం ఊడినాక చీల ఖరీదు ఎవడడుగుతాడ్రా?" అనేవాడు. ఆ పాత చీలలతో మేం గోడకు పలకలు తగిలించుకునేవాళ్లం.

1979లో వైమానిక దళంలో చేరాను. తాంబరంలో శిక్షణ అయ్యాక చేతక్ హెలికాప్టర్ల దగ్గర వేశారు. ఫ్రాన్సువాళ్ల అలూయెట్-3ని హెచ్ఏఎల్ వాళ్లు లైసెన్సు మీద ఇక్కడ తయారుచేసి పెట్టిన పేరు అది. మొదటిసారి రోటరు తల దగ్గరికి నిచ్చెనెక్కినప్పుడు నాకు మా ఎడ్లబండే గుర్తొచ్చింది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు రోటరును పట్టి ఉంచే పెద్ద నట్టును 'జీసస్ నట్' అనేవారట. అది ఊడితే ఇక ఆ ఏసుప్రభువే దిక్కని! పేరు వేరైనా అదీ కడచీలే.

హెలికాప్టరులో కొన్ని భాగాలకు 'లైఫ్' ఉంటుంది. రోటరు బ్లేడ్లు, వాటిని పట్టి ఉంచే బోల్టులు, కొన్ని షాఫ్టులు, గేరుపెట్టెలో కొన్ని ముక్కలు... ఒక్కోదానికి ఒక్కో లాగ్ కార్డు. మన జాతకచక్రం లాంటిది. పుట్టిన తేదీ, ఎన్ని గంటలు ఎగిరింది, ఇంకెన్ని గంటలు మిగిలింది అన్నీ అందులో ఉంటాయి. తేడా ఒక్కటే... పోయే ఘడియ కూడా ముందే రాసి ఉంటుంది. ఆ ఘడియ వచ్చిందంటే భాగం మెరుస్తున్నా సరే, తీసేయాల్సిందే. తనిఖీల గడువుకు కొద్దిపాటి వెసులుబాటు ఉంటుంది. ఆయువు గడువుకు ఉండదు.

చేరిన కొత్తలో ఒకసారి 1 గంట 42 నిమిషాల ప్రయాణాన్ని కార్డులో గంటన్నరగా రాశాను. లెక్క తేలికవుతుందని. మా వారెంట్ ఆఫీసరు తమిళాయన. కోప్పడలేదు. బట్టలారేసుకునే జీఐ తీగ ముక్క ఒకటి చేతికిచ్చి, వంచి సాపు చెయ్యమన్నాడు. మళ్లీ వంచమన్నాడు. పది పన్నెండు సార్లకు తీగ పుటుక్కున తెగింది. "తెగే ముందు సారి వంచినప్పుడు చూడ్డానికి ఎలా ఉంది?" అనడిగాడు. "మామూలుగానే ఉంది సార్" అన్నాను. "నువ్వు మింగేసిన 12 నిమిషాల్లో రోటరు 4 వేల సార్లు తిరుగుతుంది" అని వెళ్లిపోయాడు.

మనం రోజూ వాడే మాటల్లో చెప్పాలంటే లోహం అలసిపోవడమంటే అదే. హెలికాప్టరు ముందుకు పోతున్నప్పుడు రోటరు ఒకవైపు గాలికి ఎదురు వెళ్తుంది, రెండోవైపు గాలితోపాటు వెనక్కి వస్తుంది. అందుకని తిరిగిన ప్రతిసారీ బ్లేడు మీద బరువు పెరిగి తగ్గుతుంది. రాబిన్సన్ ఆర్44 అనే నాలుగు సీట్ల హెలికాప్టరునే తీసుకోండి. దాని రోటరు నిమిషానికి దాదాపు 400 సార్లు తిరుగుతుంది. బ్లేడ్లకు 2,200 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందొస్తే అది గడువు. అంటే ఆ బ్లేడు తన జీవితంలో 5 కోట్ల సార్లకు పైగా వంగి లేస్తుందన్నమాట. షెడ్డులో ఊరికే ఉంచినా 12 ఏళ్లకు తీసేయాల్సిందే. తుప్పు గంటలు లెక్కపెట్టుకోదు కదా!

విమానాల్లో చాలా చోట్ల ఒక భాగం పోతే పక్కది బరువు మోస్తుంది. చిన్న హెలికాప్టరులో ఆ సుఖం తక్కువ. మెయిన్ రోటరు బ్లేడు ఒకటి విరిగితే పైలట్ ఎంత గొప్పవాడైనా చేయగలిగింది లేదు. అందుకే ప్రయోగశాలలో అలాంటి భాగాలను విరిగేదాకా వంచి చూసి, అందులో ఎంతో ముందే గడువు గీత గీస్తారు. దానివల్ల వచ్చే చిక్కేమిటంటే, మేం తీసి పారేసినవాటిలో ఎక్కువ భాగం నిక్షేపంలా ఉంటాయి. కొనేవాడికి అది కడుపుమంట.

ఆ మంట నేను దగ్గర్నుంచి చూసింది 2009 ఏప్రిల్లో.

దళంలో ఇరవయ్యేళ్లు చేసి బయటికొచ్చి, డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుని, హైదరాబాదులో హెలికాప్టర్లు అద్దెకు తిప్పే ఓ సంస్థలో చేరాను. ఎన్నికలొస్తే మాకు పెళ్లిళ్ల సీజన్లో షామియానావాళ్లంత గిరాకీ. ఆ ఏడు మన రాష్ట్రంలో ఏప్రిల్ 16న, 23న రెండు విడతల పోలింగు. ఒక నాయకుడి ఉత్తరాంధ్ర పర్యటనకు మా హెలికాప్టరు మాట్లాడుకున్నారు. రెండు రోజులు, దాదాపు 9 గంటల ప్రయాణం. తెల్లారితే బయల్దేరాలి.

ముందురోజు సాయంత్రం కార్డులు తిరగేస్తే టెయిల్ రోటరు బ్లేడు ఒకదానికి మిగిలింది 6 గంటల 20 నిమిషాలు. రెండో రోజు మధ్యాహ్నం ఏ పార్వతీపురం దగ్గరో గడువు తీరిపోతుంది. అక్కడ పొలంలో నిలబెట్టి మార్చే పని కాదది. కొత్తది బిగించాక అదురు లేకుండా పరికరాలతో సరిచూడాలి. మార్చితే ఇక్కడే, ఇప్పుడే మార్చాలి. విడి బ్లేడు ముంబయి నుంచి రావాలి. అంటే మొదటి రోజు కార్యక్రమం గల్లంతే.

మేనేజరు కుర్రాడు. నామీద గౌరవం ఉన్నవాడే. "సార్జెంట్‌గారూ, బ్లేడు చూశారా, అద్దంలా ఉంది" అన్నాడు. చూశానన్నాను. "రెండున్నర గంటల తేడాకు ఏమవుతుంది సార్? రోజుకు గంట, గంటన్నర తగ్గించి రాద్దాం. రాసేది మనమేగా?"

అవును, రాసేది మనమే. ఆ మాటే నన్ను భయపెట్టింది. లోహంలో పగులు కంటికి కనపడదు. దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఆ కార్డులో అంకె ఒక్కటే. ఆ అంకే అబద్ధమైతే ఇక కాపలా ఎవరు? పైగా నేను తగ్గించిన రెండున్నర గంటల కింద, అంతకు ముందు ఇంకెవరో తగ్గించిన మూడు గంటలు లేవని నాకేం తెలుసు?

ఇవన్నీ ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను గానీ, ఆ పూట నా బుర్రలో తిరిగింది మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు. జూన్‌లో కట్టాలి. ఉద్యోగం పోతే ఎలా? పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డాను. సంతకం చేయనని గట్టిగా చెప్పిన వీరుణ్నేం కాదు. పైలట్ వైపు చూశాను. సైన్యంలో చేసొచ్చిన పంజాబీ ఆయన. "నేనెంత ఎగిరితే అంతే రాస్తాను" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆయన ఆ మాట అనకపోతే నేనేం చేసి ఉండేవాణ్నో నిజంగా తెలీదు. ధైర్యం వచ్చాక నోరు పెగిలింది. "బ్లేడు తెప్పించండి బాబూ" అన్నాను.

నాయకుడి మనుషులు వేరే సంస్థకు వెళ్లిపోయారు. పెద్ద బేరం పోయింది. మర్నాడు బ్లేడు వచ్చింది, మార్చాం. గడువు తీరిన భాగాన్ని ఎవరూ మళ్లీ వాడకుండా పాడుచేయాలన్నది పద్ధతి. అలాంటివి దొంగదారిన మళ్లీ బజారుకొస్తాయి మరి. దీనికింకా ఆరు గంటలున్నాయని పక్కన పెట్టుకుని ఏం చేస్తాం? హ్యాక్సా పెట్టి నేనే కోశాను. మేనేజరు పక్కనే నిలబడ్డాడు. కోసిన చోటల్లా భూతద్దం పెట్టి వెతికాను. సిగ్గు విడిచి చెబుతున్నా... పగులు కనబడాలని దేవుణ్ని మొక్కుకున్నాను. వెంట్రుకవాసి గీత కూడా కనబడలేదు.

"చూశారుగా సార్" అన్నాడతను. జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడు నాకు ఇంక్రిమెంటు రాలేదు. ఫీజు కోసం మా ఆవిడ గాజులు బ్యాంకుకెళ్లాయి.

సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు కనబడకుండా పోయింది. మర్నాడు తెలిసింది అయిదుగురూ పోయారని. ఆ రాత్రి మేనేజరు ఫోన్ చేశాడు. "సార్, ఆ రోజు మీరు..." అని ఆగిపోయాడు. "దానికీ మన బ్లేడుకీ సంబంధం లేదు బాబూ" అన్నాను. అది వేరే హెలికాప్టరు. తరవాత విచారణ సంఘం కూడా ప్రధానంగా వాతావరణాన్నే ఎత్తిచూపింది. ఎవరి చావునో నా సంతకానికి సాక్ష్యంగా తెచ్చుకోవడం నాకు నచ్చలేదు.

కానీ గడువు విలువ చెప్పే సంగతులు తరవాత చాలా చదివాను. ఆర్44లో పాత అల్యూమినియం ఇంధన ట్యాంకులు, నేలను గుద్దుకున్నప్పుడు చిరిగి అంటుకుంటున్నాయని, లోపల రబ్బరు సంచులున్న ట్యాంకులు వేయించుకోమని తయారీదారు 2010లోనే చెప్పాడు. మార్చుకోవడానికి టైమిచ్చాడు. తరవాత ఆ గడువును 2013 ఏప్రిల్ 30కి ముందుకు జరిపాడు. ఆస్ట్రేలియాలో బుల్లై టాప్స్ అనేచోట మార్చి 21న పాత ట్యాంకులున్న ఆర్44 ఒకటి కూలి అంటుకుంది. నలుగురు పోయారు. గడువుకు ఇంకా 40 రోజులుంది! ఆ తరవాతే అక్కడి ప్రభుత్వం మార్చి తీరాల్సిందేనని ఆదేశించింది. 'మార్చుకుంటే మంచిది' అనే మాటకీ 'మార్చి తీరాలి' అనే మాటకీ మధ్య ఎంత దూరమో అప్పుడు తెలిసింది నాకు.

మన ధ్రువ్ హెలికాప్టర్లనే చూడండి. 2023లో వరుస ప్రమాదాల తరవాత నియంత్రణ వ్యవస్థలోని అల్యూమినియం కడ్డీలు తీసి ఉక్కువి వేశారు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు పోతే, స్వాష్‌ప్లేట్ విరిగినట్టు తేలి, దేశమంతా ధ్రువ్‌లను నెలల తరబడి నేలమీదే నిలబెట్టారు. వాటిలో చాలావరకు నిక్షేపంగానే ఉండి ఉంటాయి. కానీ ఏది కాదో ఎవరు చెప్పగలరు?

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు అడిగింది. "నాన్నా, ఆ రోజు ఆ బ్లేడుతోనే ఎగిరుంటే ఏమయ్యేది?"

"బహుశా ఏమీ అయ్యేది కాదమ్మా" అన్నాను. అదే నిజం. నేను చేసిన పని ఒప్పని రుజువు చేసుకునే వీలు ఈ వృత్తిలో లేదు. జరగని ప్రమాదం ఎవరికీ కనబడదు. కోసేసిన బ్లేడు మాత్రం కనబడుతుంది.

అందులో అరచేతిలో పట్టేంత ముక్క ఒకటి నా దగ్గరే ఉంది. పుస్తకాల బీరువాలో నాన్న కడచీల పక్కన పెట్టుకున్నాను. దాని ఆరు గంటల ఇరవై నిమిషాలు దానికి అలాగే మిగిలి ఉన్నాయి.