బాబో చేతిలో మంగలికత్తి

మార్చి 3

మెల్విల్ ‘బెనిటో సెరెనో’ మళ్ళీ చదువుతున్నాను. గడ్డం గీసే ఘట్టం దాటి ముందుకు పోలేకపోయాను. స్పానిష్ కెప్టెన్ సెరెనో కుర్చీలో కూర్చుని ఉంటాడు. మెడ కింద గుడ్డకు బదులు స్పెయిన్ జెండా కప్పి ఉంటుంది. నల్ల బానిస బాబో కత్తి నూరి, నురగ పూసి, గొంతు దగ్గర పెడతాడు. అమెరికన్ కెప్టెన్ డెలానో పక్కన కూర్చుని చూస్తూ ముచ్చటపడతాడు, ఎంత నమ్మకమైన నౌకరో అని. ఓడ ఎప్పుడో బానిసల చేతికి వచ్చేసిందనీ, యజమానే బందీ అనీ అతనికి తెలియదు. మాటల్లో ప్రయాణం లెక్క కుదరడం లేదే అంటాడు. సెరెనో ఉలిక్కిపడతాడు. కత్తి గీసుకుని నురగ మీద నెత్తురు పడుతుంది.

మార్చి 4

డెలానో చెడ్డవాడు కాడు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే. దాహంతో అల్లాడుతున్న ఓడకు నీళ్ళు తెప్పించి అందరికీ పంచుతాడు. నల్లవాళ్ళంటే ఇష్టం కూడా. అయితే ఆ ఇష్టం కుక్కల మీద ఉండే ఇష్టంలాంటిదేనని మెల్విల్ మొహమాటం లేకుండా రాశాడు. వాళ్ళు ఒక పథకం వేయగలరన్న ఊహే డెలానోకు రాదు. అనుమానమంతా తెల్లవాడైన సెరెనో మీదికే పోతుంది. క్రూరుణ్ణి ఎదిరించవచ్చు, ఇంత మంచివాణ్ణి ఏం చేయాలి?

మార్చి 6

ఈ కథ ఉత్త కల్పన కాదు. 1805లో చిలీ తీరంలో ‘ట్రయల్’ అనే ఓడ మీద జరిగింది. మసాచుసెట్స్‌కు చెందిన అసలు డెలానో 1817లో తన పుస్తకంలో రాసుకున్నాడు. మెల్విల్ 1855లో దాన్ని తిరగరాస్తూ కాలాన్ని 1799కి జరిపాడు, ఓడకు ‘శాన్ డొమినిక్’ అని పేరు పెట్టాడు. సెయింట్ డొమింగ్‌లో 1791లో బానిసలు తిరగబడ్డారు, 1804లో అది హైతీ అయింది. 1799 ఆ పోరాటం నడిమధ్య. ఆ పేరు ఊరికే పెట్టింది కాదనే నా నమ్మకం.

మెల్విల్ మామగారు లెమ్యూల్ షా మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి. 1851లో, జార్జియా నుంచి పారిపోయి వచ్చిన బానిస థామస్ సిమ్స్‌ను విడిపించడానికి ఆయన ఒప్పుకోలేదు. సిమ్స్‌ను పట్టుకుని వెనక్కి పంపేశారు. మెల్విల్ తన మొదటి నవల ‘టైపీ’ని అంకితమిచ్చింది ఈ మామగారికే.

మార్చి 9

పట్టుబడ్డాక బాబో నోరు విప్పడు. లిమాలో చంపి, దేహాన్ని కాల్చి, తలను కూడలిలో గుంజకు గుచ్చుతారు. కథలో కోర్టు వాంగ్మూలం ఉంది, అది సెరెనోది. బాబో గొంతు వినిపించలేదని మెల్విల్‌ను తప్పుపట్టేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ కోర్టులో బాబో ఏం చెప్పినా అది యజమానుల గుమాస్తా రాసుకున్నట్టుగానే మనదాకా వచ్చేది.

అంతా అయ్యాక సెరెనోతో డెలానో అనేది, జరిగిపోయినదాన్ని తవ్వుకోవడం దేనికి, మరచిపొమ్మని. చదువుతుంటే ఒళ్ళు మండింది.

మార్చి 12

‘మోబీ డిక్’ 89వ అధ్యాయం. తిమింగలాల వేటలో రివాజు ఒకటుంది: తాడుకు చిక్కింది పట్టినవాడిది, విడిగా తిరిగేది ఎవడు ముందు పడితే వాడిది. మెల్విల్ ఈ రివాజును దేశాలకు పట్టించి చూస్తాడు. ఇంగ్లండుకు ఇండియా, అమెరికాకు మెక్సికో రెండో రకమట. పుస్తకం 1851లో వచ్చింది. అప్పటికి మన కోస్తా జిల్లాలు కంపెనీ ఏలుబడిలోనే ఉన్నాయి.

మార్చి 13

అదే నవలలో ఓడ పేరు పీక్వాడ్. 1637లో ఇంగ్లిష్ వలసదారులు ఊచకోత కోసిన పీక్వాట్ తెగ పేరు అది. ఆ తెగ అంతరించిపోయిందని మెల్విల్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. డెలానో చూపును అంత లోతుగా పట్టుకున్న మనిషే! పీక్వాట్లు అప్పుడూ కనెక్టికట్‌లో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1983లో అమెరికా ప్రభుత్వం మషన్‌టకెట్ పీక్వాట్లను అధికారికంగా గుర్తించింది.