చిన్నారి కొలిమికి ఇంధనమెంత?

బ్లాస్ట్ ఫర్నేసు లోపల జరిగేదంతా కంటికి కనిపించదు. పైనుండి వెలువడే వాయువులో కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ పాళ్లను పరీక్షించి లోపలి దహనాన్ని గ్రహిస్తాము. భిలాయిలో మూడు దశాబ్దాలుగా మేము నేర్చిన విద్య ఇదే.

ప్రాణుల శ్వాస కూడ మెల్లని దహనమేనని 1780 దశకంలోనే ఫ్రాన్సు దేశీయులు లెవోయిజియే, లాప్లాస్ తేల్చారు. గినీపందిని మంచు నడుమ ఉంచి, కరిగిన నీటిని తూచి, అది విడిచిన ఉష్ణాన్ని లెక్కగట్టారు. నేడు రోగి వినియోగించే ఆక్సిజన్‌ను, విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రంతో కొలిచి, 1949 నాటి వియర్ సూత్రంతో దేహం వ్యయపరచే శక్తిని నిర్ణయిస్తారు.

మా తమ్ముని మనుమడు, నాలుగేళ్లవాడు, న్యుమోనియాతో వెంటిలేటరుపై ఉన్నప్పుడు ఈ శాస్త్రం మా ఇంటి విషయమైనది. ఆ యంత్రం అక్కడ లేదు. అట్టిచోట బరువే ఆధారం. మూడు నుండి పదేళ్ల లోపు మగపిల్లలకు బరువును 22.7తో హెచ్చవేసి 495 కలుపుతారు. 15 కిలోల మావాడికి రోజుకు సుమారు 835 కిలోకేలరీలు. ముక్కుగొట్టం ద్వారా ఆహారం అంతకన్న తక్కువతోనే ఆరంభమైనది.

"డాక్టరుగారూ, ఇంట్లో తినేదానిలో సగమైనా లేదు. పసివాడు ఆకలితో ఉన్నాడేమో!" అని మా మరదలు కంటతడి పెట్టినది.

డాక్టరు ఓపికగా వివరించారు. బిడ్డ మత్తులో ఉన్నాడు, పరుగులు లేవు, తీవ్రవ్యాధిలో ఎదుగుదల కూడ తాత్కాలికంగా ఆగుతుంది. అధికంగా పోస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి, అలసిన ఊపిరితిత్తులపై భారం పడుతుంది. వెంటిలేటరు తొలగించడం ఆలస్యం కావచ్చు. మరీ తగ్గిస్తే శ్వాసకు తోడ్పడే కండరాలే కరిగిపోతాయి. పిల్లలలో నిల్వలు స్వల్పం. అందుచేతనే అమెరికా వైద్యసంఘాల 2017 నాటి మార్గదర్శకాలు, మొదటి వారాంతానికి నిర్ణయించిన శక్తిలో కనీసం మూడింట రెండు వంతులు అందించాలనీ, కిలో బరువుకు రోజుకు 1.5 గ్రాములకు తగ్గకుండా ప్రొటీను ఇవ్వాలనీ సూచించాయి.

పదకొండవ నాడు గొట్టం తీశారు. కాళ్లు పుల్లలవలె సన్నబడినవి. మునుపటి నడక రావడానికి రెండు నెలలు పట్టినది.

మన నేలపై ప్రేమకు కొలత కొసరి వడ్డించడమే. రోగశయ్యపై మాత్రం కొలిచి పెట్టడమే ప్రేమ. సోదర ఉద్యోగులకు ఒక విన్నపం: మీ పిల్లల బరువును మూడు నెలలకొకసారి తూచి రాసి ఉంచండి. వాపు వచ్చిన దేహాన్ని తూస్తే ఆసుపత్రి త్రాసు సరియైన లెక్క చెప్పలేదు. అప్పుడు మీ చేతిలోని ఆ అంకె వైద్యునికి అక్కరకు వస్తుంది.